గడి గడికీ రెట్టింపు – ఇరవై అంకెల సంఖ్య చెప్పే పాఠం

 

నాతవరంలో మన ఆదివారం అధ్యయనంలో పోయిన నెల బ్రహ్మజాల సుత్తం చదువుకున్నాం. దీఘ నికాయంలో అదే మొదటి సుత్తం. భిక్ఖువులు ఏ ఏ కాలక్షేపాలకు దూరంగా ఉండాలో చెప్పే చోట ఆటల జాబితా ఒకటుంది. అందులో మొదటి పేరు అట్ఠపదం. అంటే వరసకు ఎనిమిది గడులు చొప్పున ఎనిమిది వరసలున్న పలక మీద ఆడే ఆట. ఆ మాట చదవగానే వెనకాల కూర్చున్న తొమ్మిదో తరగతి పాప లేచి, "బాబాయ్, చదరంగం పలకా అంతే కదా? రాజుగారిని బియ్యం గింజలు అడిగిన కథ దాని మీదదేనా?" అంది. కథ నాకు తెలుసు, చెప్పాను. "మొత్తం ఎన్ని గింజలు?" అంది. నాకు రాలేదు. "చాలా" అన్నాను. ఆ పాప నవ్వేసి కూర్చుంది.

ఆ నవ్వు మూలంగానే ఈ పాఠం రాస్తున్నాను. నేను బి.ఏ. చదివినవాణ్ణి. పదో తరగతి లెక్కల్లో 36 మార్కులతో గట్టెక్కి, ఇక జన్మలో లెక్కల జోలికి పోనక్కర్లేదని సంతోషించినవాణ్ణి. "లెక్కలు మనకెక్కడొస్తాయిరా" అనే మాట మన పేటల్లో ఎంత మామూలుగా అనేస్తారో మీకు తెలుసు. ఆ మాట వెనకాల ఎవరి లాభం ఉందో ఈ పాఠం సగానికి వచ్చేసరికి చూద్దాం. మన బాబాసాహెబ్ రూపాయి సమస్య మీద 1923లో పుస్తకమే అచ్చువేశారు. అంకెలంటే భయపడి కూర్చుంటే అలాంటి పుస్తకం పుట్టేదా?

ముందు కథ చూద్దాం. చదరంగం కనిపెట్టినవాణ్ణి రాజు మెచ్చుకుని ఏం కావాలో కోరుకోమన్నాడు. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో దాంట్లో నాలుగు, ఇలా గడి గడికీ రెట్టింపు చేసుకుంటూ 64 గడులు నింపి ఇప్పించమన్నాడు అతను. రాజు నవ్వాడు, ఇంతేనా అన్నాడు. లెక్క కట్టినవాళ్లు మాత్రం నవ్వలేదు. ఈ కథ 13వ శతాబ్దంలో ఇబ్న్ ఖల్లికాన్ అనే అరబ్బీ రచయిత గ్రంథంలో ఉంది. అంతకు ముందే, సుమారు 1000లో, అల్-బీరూనీ ఈ 64 గడుల మొత్తాన్ని లెక్కించి తన గ్రంథంలో పెట్టాడు. ఆట మన దేశంలో పుట్టింది, లెక్క అరబ్బుల దాకా వెళ్లింది.

తెలుగులో కూడా ఈ సంఖ్య ఉందని నాకు ఈ నెలలోనే తెలిసింది. పావులూరి మల్లన అనే కవి, జైన గణితవేత్త మహావీరాచార్యుడు 9వ శతాబ్దంలో సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో తొలి గణిత గ్రంథం అదే. ఆ వంశానికి పిఠాపురం దగ్గర నవఖండవాడ గ్రామం దానంగా దొరికిందట. తుని దాటి పోతే పిఠాపురం మనకేమంత దూరం? ఆ మల్లన పేరున ప్రచారంలో ఉన్న ఒక పద్యంలో ఈ గింజల మొత్తం అంతా, ఇరవై అంకెలూ, అంకెల పేర్లు దాదాపుగా సూటిగా చెప్పకుండానే ఇమిడి ఉంది.

అదెలాగంటే, పూర్వం లెక్కలు రాసేవాళ్లు అంకెల బదులు వస్తువుల పేర్లు వాడేవాళ్లు. చంద్రుడు అంటే ఒకటి, ఎందుకంటే చంద్రుడు ఒక్కడే. కళ్లు అంటే రెండు. అగ్ని మూడు, వేదాలు నాలుగు, మన్మథుడి బాణాలు అయిదు, ఋతువులు ఆరు, కొండలు ఏడు, దిక్కులు మోసే ఏనుగులు ఎనిమిది, శరీరంలోని రంధ్రాలు తొమ్మిది. ఆకాశం అంటే సున్న. పైగా అంకెలు ఒకట్ల స్థానం నుంచి మొదలై ఎడమకు నడుస్తాయి. "నేత్ర, ఆకాశ, చంద్ర" అంటే 2, 0, 1. తిరగేసి చదివితే 102. మల్లన పద్యం బాణంతో మొదలై చంద్రుడితో ముగుస్తుంది. అంటే సంఖ్య చివర 5, మొదట 1. పద్యం కంఠతా వచ్చినవాడికి సంఖ్య కంఠతా వచ్చినట్టే. గ్రంథాలు కాలిపోవచ్చు, తాటాకు చెదలు తినొచ్చు, చందస్సులో పడ్డ అంకె మాత్రం జారిపోదు. ఒక్క అంకె తప్పుగా రాస్తే చాలాసార్లు గణం చెడి దొరికిపోతుంది.

ఇదిగో ఆ సంఖ్య:

1,84,46,74,40,73,70,95,51,615

దీన్ని నోటితో చదవాలంటే, ఒక లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లు, ఆ పైన నలభై నాలుగు లక్షల ఏడు వేల మూడు వందల డెబ్బై కోట్లు, ఆ పైన తొంభై అయిదు లక్షల యాభై ఒక వేయీ ఆరు వందల పదిహేను. ఊపిరి పీల్చుకోండి. ఇందులో ఒక చిత్రం కూడా ఉంది. కేవలం రెండుతో హెచ్చవేసుకుంటూ పుట్టిన ఈ సంఖ్యలో 2 అనే అంకె ఎక్కడా లేదు, మిగతా తొమ్మిది అంకెలూ ఉన్నాయి. మన పిల్లలు వెతికి పట్టుకున్న సంగతి ఇది, నేను కాదు.

అంకె విలువ అది కూర్చున్న చోటును బట్టి ఉంటుందన్న ఊహ మన బౌద్ధ గ్రంథాల్లో ఉపమానంగా వచ్చింది. వసుబంధుడి అభిధర్మకోశ భాష్యంలో వసుమిత్రుడి పేరున చెప్పిన మాట ఒకటుంది. లెక్కపెట్టే బిళ్ల ఒకటే. ఒకట్ల చోట వేస్తే అది ఒకటి అంటాం, వందల చోట వేస్తే వంద అంటాం, వేల చోట వేస్తే వెయ్యి అంటాం. బిళ్ల మారలేదు, చోటు మారింది. అక్కడ వాళ్లు మాట్లాడుతున్నది కాలం గురించి, ధర్మాలు భవిష్యత్తు నుంచి వర్తమానానికీ, అక్కడి నుంచి భూతానికీ ఎలా పోతాయన్న చర్చ. ఆ చర్చ మనకిప్పుడు అక్కర్లేదు. ఆ కాలం శ్రోతలకు స్థానవిలువ అంత తెలిసిన సంగతి కాబట్టే దాన్ని ఉపమానంగా వాడగలిగారు. అదే చాలు.

సరే, సంఖ్య రాశాం. ఎంతో తెలిసిందా? తెలియదు. నాకూ తెలియలేదు. అందుకే పిల్లలు కిరాణా కొట్లో త్రాసు మీద రేషన్ బియ్యం తూచారు. గ్రాముకు సుమారు 50 గింజలు తూగాయి. ఆ లెక్కన పలక మీద వరస వరసకీ నింపుకుంటూ పోదాం.

మొదటి వరస ఎనిమిది గడుల్లో 255 గింజలు. అంటే 5 గ్రాములు, ఒక చెంచాడు. రెండు వరసలు పూర్తయ్యేసరికి 65,535 గింజలు, కిలోం పావు పైచిలుకు, ఒక ఇంటికి రెండు పూటల బువ్వ. మూడో వరస అయ్యేసరికి 1,67,77,215 గింజలు, 335 కిలోలు, దాదాపు ఏడు బస్తాలు. రాజుగారు ఇంకా నవ్వుతూనే ఉంటాడు. నాలుగో వరస అయ్యేసరికి, అంటే సరిగ్గా సగం పలక నిండేసరికి, 86 టన్నులు, 1,700 బస్తాల పైమాటే. తాండవ ఆయకట్టు కింద కాస్త పెద్ద రైతుల ధాన్యమంతా పోగేస్తే సరిపోవచ్చు. సగం పలక అయిపోయింది కదా, మిగతా సగానికి ఇంకో 86 టన్నులు చాలని ఎవరికైనా అనిపిస్తుంది. మనసు చేసే మోసం అదే. అయిదో వరసకు దాదాపు 22,000 టన్నులు. ఆరో వరసకు 56 లక్షల టన్నులు. ఏడో వరసకు 144 కోట్ల టన్నులు. మన దేశం మొత్తం మీద ఇటీవలి సంవత్సరాల్లో ఏడాదికి పండే బియ్యం 14 కోట్ల టన్నులకు అటూ ఇటూ. ఎనిమిదో వరస కూడా నింపితే 36,893 కోట్ల టన్నులు. ఏటా 14 కోట్ల టన్నులు పండించి, ఒక్క మెతుకు ఎవరూ తినకుండా దాచుకుంటూ వస్తే 2,600 ఏళ్లు పైగా పడుతుంది. భగవాన్ బుద్ధుడి కాలం నుంచి మొదలుపెట్టాలన్నమాట.

గింజలు వదిలేసి సెకనుకొకటి చొప్పున లెక్కపెట్టినా 58,000 కోట్ల ఏళ్లు పైగా కావాలి. శాస్త్రజ్ఞులు చెప్పే విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లు. దానికి 42 రెట్లు.

ఇప్పుడు అసలు కిటుకు. 64 గడులనూ ఒక్కొక్కటీ కూడుకోకుండా మొత్తం ఎలా వచ్చింది? పలక పక్కన ఒక్క గింజ అదనంగా పెట్టండి. ఆ గింజా, మొదటి గడి గింజా కలిస్తే 2. రెండో గడిలో ఉన్నవీ 2. కలిస్తే 4. మూడో గడిలో ఉన్నవి 4. కలిస్తే 8. ఇలా ఆ ఒక్క గింజ ప్రతి గడినీ మింగుకుంటూ రెట్టింపవుతూ పోతుంది. చివరికి 65వ గడి ఉంటే అందులో ఎన్ని ఉండాలో అన్ని అవుతాయి. మనం అరువు తెచ్చిన ఆ గింజ తీసేస్తే అసలు మొత్తం. అందుకే ఏ గడి దగ్గర ఆగినా, అప్పటిదాకా పోసిన మొత్తం తరవాతి గడికి ఒకటి తక్కువ.

దీన్నే తిరగేసి చూడండి. ఏ గడి తీసుకున్నా, దానికి ముందున్న గడులన్నీ కలిపిన దానికంటే ఆ ఒక్క గడిలోనే ఒకటి ఎక్కువ. 64వ గడిలో 92,23,37,20,36,85,47,75,808 గింజలు. మిగతా 63 గడులూ కలిపి దానికి ఒకటి తక్కువ. చివరి గడే సగానికి మించి. ఈ వాక్యం కింద గీత గీసుకోండి, ఎందుకంటే ఇక్కడి నుంచి పాఠం గింజల గురించి కాదు.

కొన్నేళ్ల కిందట మన ప్రాంతంలో ఒక స్కీము తిరిగింది. పేరు రాయను, ఇప్పుడది వేరే పేరుతో తిరుగుతోందని వింటున్నాను. ఆరు వేలు కట్టి చేరాలి. చేరినవాళ్లు ఇద్దర్ని చేర్పించాలి. ఆ ఇద్దరూ చెరో ఇద్దర్ని చేర్పిస్తే, కింద రెండు వరసలు నిండినట్టు, అప్పుడు మనకు పన్నెండు వేలు. "ఇద్దర్ని చేర్పించలేరా? ఇద్దరే!" అన్నాడు వచ్చినతను. ఇంగ్లీషు ముక్కలు కలుపుతూ బాగా మాట్లాడాడు. పేటలో ఆడవాళ్లు డ్వాక్రా లోను డబ్బులు చేతిలో పెట్టుకుని ఉన్నారు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. ఊళ్లో పుస్తకాలు చదివే మనిషిని కదా అని ఇద్దరు ముగ్గురు నా మొహం వంక చూశారు. నాకేదో తేడాగానే ఉంది, కానీ ఏం తేడానో చెప్పే లెక్క నా దగ్గర లేదు. నోరు మెదపలేదు. నా మౌనాన్ని వాళ్లు సరే అనుకున్నారు.

మా వీధిలో వరసకు నాకు అప్ప అయ్యే ఆవిడ మూడు పేర్ల మీద పద్దెనిమిది వేలు కట్టింది. మొదట్లో చేరిన నలుగురైదుగురికి పన్నెండేసి వేలు నిజంగానే వచ్చాయి. ఆ డబ్బులు చూసే మిగతావాళ్లు చేరారు. ఎనిమిదో వరసలోనో తొమ్మిదో వరసలోనో చేరేవాళ్లు దొరక్క ఆగిపోయింది. అతని ఫోను కూడా ఆగిపోయింది. తరవాత అప్ప నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "మాకేటి తెల్దు బాబూ, నువ్వు ఉన్నావు కదా, తప్పయితే సెప్తావనుకున్నాను." డ్వాక్రా వాయిదాలు మాత్రం ఆగవు కదా. కూలి డబ్బుల్లోంచి రెండేళ్లు కట్టింది.

ఇప్పుడు ఆ రోజు నాకు రాని లెక్క చేద్దాం. పది వరసలు నిండాయనుకోండి. మొదటి వరసలో ఒకరు, రెండో వరసలో ఇద్దరు, మూడో వరసలో నలుగురు, పదో వరసలో 512 మంది. మొత్తం 1,023. కింద రెండు వరసలు నిండినవాళ్లకే డబ్బు, అంటే మొదటి ఎనిమిది వరసలవాళ్లకే. వాళ్లు 255 మంది. రానివాళ్లు 768 మంది. నలుగురిలో ముగ్గురు! వసూలైంది 1,023 ఆరు వేలు, అంటే 61,38,000 రూపాయలు. పంచింది 255 పన్నెండు వేలు, 30,60,000. మిగిలిన 30,78,000 ఎవరి జేబులోకో వేరే చెప్పాలా? నడిపినవాడు ప్రతి ఒక్కరికీ మాట ప్రకారం ఇచ్చి, ఎవర్నీ ప్రత్యేకంగా మోసం చెయ్యకపోయినా ఇదే జరుగుతుంది. ఎవరు ఎంత కష్టపడి చేర్పించినా ఇదే. పన్నెండు వరసల దగ్గర ఆగినా, ఇరవై వరసల దగ్గర ఆగినా నలుగురిలో ముగ్గురు మునగాల్సిందే. చివరి గడే సగానికి మించి, ఆ ముందు గడి దాంట్లో సగం. అది చదరంగం పలక గుణం, దాన్ని ఏ మేనేజరూ మార్చలేడు.

ఆగకుండా నడిస్తే? 26 వరసలకు 6,71,08,863 మంది కావాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం మన ఆంధ్రప్రదేశ్ మొత్తం 4.95 కోట్లు. పొత్తిళ్లలో పిల్లలు కూడా చేరినా చాలరు. 33 వరసలకు 858 కోట్ల మంది. భూమ్మీద మనుషులు 800 కోట్లు దాటింది 2022లో. ఇలాంటి గొలుసు స్కీములను 1978లోనే కేంద్ర చట్టం చేసి నిషేధించారు. నడపడమే కాదు, చేర్పించడం, చేరడం కూడా ఆ చట్టం కింద నేరమే. అందుకే మోసపోయినవాళ్లు పోలీసు స్టేషన్‌కి వెళ్లడానికి భయపడతారు. తామూ ఇద్దర్ని చేర్పించారు కదా. ఆ ఇద్దరూ బయటివాళ్లు కాదు, ఒకరు తోడికోడలు, ఒకరు పక్కింటామె. డబ్బుతో పాటు పలకరింపులు కూడా పోయాయి మా వీధిలో.

రెట్టింపు అంటే అప్పు కూడా గుర్తుకు రావాలి. మన దగ్గర మూడు రూపాయల వడ్డీ అంటే అంత ఎక్కువేం కాదన్నట్టు మాట్లాడతారు. నూటికి నెలకు మూడు, ఏడాదికి ముప్పై ఆరు. ప్రామిసరీ నోటుకు కాలపరిమితి మూడేళ్లు కాబట్టి మూడేళ్లు నిండేలోపు నోటు తిరగరాయిస్తారు. బారు వడ్డీయే కదా అనుకుంటాం. కానీ తిరగరాసేటప్పుడు వడ్డీ అసల్లో కలుస్తుంది. వందకు మూడేళ్ల వడ్డీ 108. అంటే కొత్త నోటు 208కి. పదివేలు తెస్తే మూడేళ్లకు 20,800 నోటు. ఆరేళ్లకు 43,264. తొమ్మిదేళ్లకు 89,989. నోటు తిరగరాసిన ప్రతిసారీ మనం పలక మీద ఇంకో గడికి వెళ్లినట్టే, పైన కాస్త ఎక్కువే. కూతురి పెళ్లికి తెచ్చిన అప్పు మనవరాలి బారసాలకు ఎంతవుతుందో ముందే తెలిస్తే, మూడేళ్లకు వడ్డీ ఒక్కటైనా చేతిలో పెట్టి పాత అసలుకే నోటు రాయించుకోవాలన్న తెలివి పుడుతుంది.

అప్పు గురించి బుద్ధుడు చెప్పినది చాలామంది ఉపన్యాసకులు దాటేసి పోతారు. అంగుత్తర నికాయంలో ఇణ సుత్తం అని ఉంది. ఇణం అంటే ఋణం. గృహస్థుకు దారిద్ర్యం దుఃఖం, దారిద్ర్యం వల్ల అప్పు చేస్తే అదొక దుఃఖం, వడ్డీకి ఒప్పుకుంటే అదొక దుఃఖం, కట్టలేకపోతే నిలదీస్తారు, వెంటపడతారు, చివరికి కట్టి పడేస్తారు, ఒక్కొక్కటీ ఒక దుఃఖం అని వరసగా చెప్పాడు. ఆ తరవాత దాన్ని మనసుకు అన్వయించాడు, అది వేరే పాఠం. అదే నికాయంలో అనాథపిండికుడితో మాట్లాడుతూ, అప్పు లేకుండా ఉండడం గృహస్థుడి నాలుగు సుఖాల్లో ఒకటన్నాడు. దుఃఖం అంటే చావూ ముసలితనమే అని అనుకునేవాళ్లు ఈ రెండూ చదవాలి.

ఇక మన సంఖ్య లోపలికి వెళ్దాం, అది ఏ ముక్కలతో కట్టిన గోడో చూద్దాం. అంకెలన్నీ కూడితే 87 వస్తుంది. మళ్లీ కూడితే 15, మళ్లీ కూడితే 6. సంఖ్యాశాస్త్రం అని బోర్డు పెట్టుకున్నవాడైతే ఆరు శుక్రుడి అంకె అని చెప్పి ఉంగరం అమ్ముతాడు. మనకు దాన్నుంచి తెలిసేది ఒక్కటే, సంఖ్య 3తో భాగించబడుతుంది, 9తో భాగించబడదు. చివర 5 ఉంది కాబట్టి 5తోనూ పోతుంది.

మిగతా ముక్కలు పలకే చూపిస్తుంది. రెండు గడుల మొత్తం 3. నాలుగు గడుల మొత్తం 15, అంటే 3×5. ఎనిమిది గడులకు 255, అంటే 15×17. ఎందుకిలా? రెండో వరసలో ప్రతి గడీ మొదటి వరసలో దాని పై గడికి 256 రెట్లు. కాబట్టి రెండో వరస మొత్తం 255×256. మొదటి వరస 255 కలిపితే 255×257. అంతే, పదహారు గడుల మొత్తం వచ్చేసింది. అలాగే 32 గడులకు ఇంకో 65,537తో హెచ్చించాలి. 64 గడులకు ఇంకో 429,49,67,297తో హెచ్చించాలి. అంటే మన సంఖ్య 3, 5, 17, 257, 65,537, 429,49,67,297 అనే ఆరింటి లబ్ధం.

ఈ ఆరింటికి ఒక చరిత్ర ఉంది. 17వ శతాబ్దంలో ఫ్రాన్సులో ఫెర్మా అనే గొప్ప గణితవేత్త ఉండేవాడు. వృత్తికి న్యాయాధికారి. ఈ వరసలో మొదటి అయిదూ ప్రధాన సంఖ్యలే అని, అంటే ఒకటితోనూ తమతోనూ తప్ప దేనితోనూ భాగించబడవని చూశాడు. కాబట్టి ఆరోది కూడా, ఆ తరవాత వచ్చేవన్నీ కూడా అలాంటివే అని నమ్మాడు. 1640లో మిత్రులకు ఉత్తరాల్లో రాశాడు. నిరూపణ మాత్రం తన దగ్గర లేదని కూడా చెప్పాడు, అది అతని నిజాయితీ. అంత పెద్దవాడు చెప్పాడు కదా, అయిదుసార్లు నిజమైంది కదా. తొంభై ఏళ్లు అలాగే గడిచాయి. 1732లో ఆయిలర్ అనే యువకుడు ఆరోదాన్ని పట్టుకుని భాగించి చూశాడు. 641తో శేషం లేకుండా పోయింది! 641×67,00,417 = 429,49,67,297. కాగితం తీసుకుని మీరే హెచ్చించండి, పది నిమిషాల పని, ఎనిమిదో తరగతి పిల్లలు చేస్తారు. ఆ తరవాత ఈ వరసలో ఎన్నింటిని పరీక్షించినా మరొక్కటి కూడా ప్రధాన సంఖ్య కాలేదు. ఫెర్మాకు కనబడ్డ ఆ అయిదే.

కేసపుత్త గ్రామంలో కాలాములకు బుద్ధుడు ఏం చెప్పాడో మన పాఠాల్లో ఎన్నోసార్లు చదివాం. పరంపరగా వస్తోందని, చెప్పేవాడు గొప్పవాడని, మా గురువని, ఊహకు సబబుగా తోస్తోందని ఒప్పుకోవద్దు, మీరే పరీక్షించి తెలుసుకోండి అన్నాడు. మనం ఆ సుత్తాన్ని దేవుళ్ల మీదా, బాబాల మీదా వాడతాం. మంచిదే. స్కీము వచ్చిన రోజున మాత్రం ఎవరికీ గుర్తు రాదు. మొదటి నలుగురైదుగురికి డబ్బులొచ్చాయి కదా అన్నారు మా పేటవాళ్లు. ఫెర్మాకూ మొదటి అయిదు వచ్చాయి.

చివరి లెక్క. మన సంఖ్యకు ఇప్పుడు ఏడు ప్రధాన ముక్కలు తేలాయి: 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. ఒక్కొక్కటీ ఒక్కసారే. ప్రతి ముక్కనూ తీసుకోవచ్చు, మానొచ్చు, అంటే రెండేసి దారులు. ఏడు ముక్కలకు రెండును ఏడుసార్లు హెచ్చిస్తే 128. ఇరవై అంకెల సంఖ్యను శేషం లేకుండా భాగించేవి మొత్తం 128 మాత్రమే. ఇక్కడ కూడా మళ్లీ రెట్టింపే వచ్చింది చూశారా. మీ జేబులో ఫోను 64 బిట్ల రకం అయితే, ఒక గడికి ఒక బిట్టు చొప్పున, అది ఒక్క విడతలో పట్టుకోగల అతి పెద్ద పూర్ణ సంఖ్య కూడా ఇదే.

ఇంత పెద్ద సంఖ్య మన పాళీ సంప్రదాయంలో ఎక్కడ నిలబడుతుంది? కచ్చాయన పాళీ వ్యాకరణంలో కోటి దగ్గర మొదలై ఒక్కో మెట్టుకూ కోటి రెట్లు పెరిగే పేర్లున్నాయి. కోటి, పకోటి, కోటిప్పకోటి, నహుతం, నిన్నహుతం, ఇలా ఇరవై మెట్లు. చివరి మెట్టు అసంఖ్యేయ్యం, ఒకటి పక్కన 140 సున్నలు. మన గింజల సంఖ్య అందులో రెండో మెట్టు పకోటి దగ్గరే ఉంది, మూడో మెట్టు ఎక్కలేదు. లలితవిస్తరంలో సిద్ధార్థుణ్ణి అర్జునుడనే గణకుడు పరీక్షించే కథలో కోటి మీద నూరేసి రెట్లు పెంచుకుంటూ తల్లక్షణం దాకా, ఒకటి పక్కన 53 సున్నల దాకా పోతారు. అది తరవాతి కాలపు కావ్యం, జరిగిన చరిత్రగా తీసుకోనక్కర్లేదు. అయినా రాజకుమారుడి గొప్ప చెప్పాలంటే విల్లుతో పాటు లెక్క కూడా కావాలనుకున్నారు ఆ కవులు. అది నాకు నచ్చింది.

సంయుత్త నికాయంలో ఒక భిక్ఖువు, కప్పం ఎంత పొడుగని అడిగాడు. ఇన్ని వందల ఏళ్లు, ఇన్ని వేల ఏళ్లు అని చెప్పడం సులువు కాదు అన్నాడు బుద్ధుడు. ఉపమానం చెప్పొచ్చా అంటే చెప్పాడు. యోజనం పొడుగు, యోజనం వెడల్పు, యోజనం ఎత్తు ఉన్న ఇనుప నగరం నిండా ఆవగింజలు. నూరేళ్లకొక గింజ తీసేస్తూ పోతే ఆ నగరం ఖాళీ అవుతుంది గానీ కప్పం పూర్తవదు. ఇన్నాళ్లూ దాన్ని కవిత్వంగా చదివేవాణ్ణి. ఈ నెల లెక్కగా చదివాను. యోజనం 8 కిలోమీటర్లనుకుందాం. ఆవగింజ అడ్డం రెండు మిల్లీమీటర్లు. మీటరుకు 500 గింజలు, యోజనానికి 40 లక్షలు. పొడుగూ వెడల్పూ ఎత్తూ హెచ్చిస్తే 6,40,000 కోట్ల కోట్ల గింజలు. మన చదరంగం మొత్తం 1,84,467 కోట్ల కోట్లు. అంటే నగరంలో ఉన్నవి మన సంఖ్యకు మూడున్నర రెట్లు! చదరంగం పలకకు ఇంకో రెండు గడులుంటే, 66 గడుల దగ్గర, ఆ ఇనుప నగరం పొర్లిపోతుంది. యోజనం మేర ఆకాశమంత ఎత్తున్న నగరమూ, చెక్క ముక్క మీద అరవై ఆరు గడులూ. ఇది తేలిన రాత్రి నేను కాసేపు కాగితం పక్కన పెట్టి అలాగే కూర్చున్నాను.

వచ్చే పాఠానికి వచ్చేటప్పుడు ప్రతి ఇంటి నుంచి ఒక గుప్పెడు చింతపిక్కలు తీసుకురండి. ముగ్గుపిండితో ఎనిమిది గడుల వరస గీసి, ఆడవాళ్లే నింపుతారు. మూడో వరస దాకా ఎలాగూ వెళ్లలేం. తరవాత అదే ముగ్గులో స్కీము వరసలు వేసి, ఎవరు ఏ వరసలో నిలబడతారో మనుషుల్నే నిలబెట్టి చూద్దాం. మా అప్ప తానే మొదటి గడిలో నిలబడతానంది. "ఈసారైనా ముందుంటాను" అంది నవ్వుతూ. ఇంట్లో ఎవరి దగ్గరైనా పాత ప్రామిసరీ నోటు ఉంటే, పేర్లు కనబడకుండా మడిచి, అంకెలు మాత్రం రాసుకుని తీసుకురండి. తొమ్మిదో తరగతి పాప కాలిక్యులేటర్ తెస్తానంది గానీ, వద్దన్నాను.